డ్వైట్ గుడెన్‌కి ఆ గౌరవం తగునా?

ఎడిసన్ రమణ: 2024 ఏప్రిల్‌లో అమెరికా బేస్‌బాల్ జట్టు న్యూయార్క్ మెట్స్ వాళ్లు తమ పాత పిచర్ (బంతి విసిరేవాడు) గుడెన్ వేసుకున్న 16వ నంబర్ జెర్సీని రిటైర్ చేశారు. ఇక ఆ జట్టులో ఆ నంబర్ ఎవరికీ ఇవ్వరు. నాకిది మింగుడు పడట్లేదు. 1986లో వరల్డ్ సిరీస్ (అక్కడి బేస్‌బాల్ ఫైనల్) గెలిచి జట్టంతా ఊరేగుతుంటే ఈయన కొకైన్ మత్తులో పడి రానేలేదు. ఆ మాట తర్వాత తనే ఒప్పుకున్నాడు. 1987లో డ్రగ్ టెస్టులో దొరికాడు. 1995 సీజనంతా సస్పెన్షన్. 2006లో జైలు. ఇలాంటి వాడికి సన్మానమా?

సీమ పేసర్: రమణ గారూ, 1985 సంగతి ఎత్తరేం? 20 ఏళ్ల కుర్రాడు 24 మ్యాచ్‌లు గెలిచి 4 ఓడాడు. 268 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని ఔట్ చేయడం), ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన పరుగులు, తక్కువైతే గొప్ప) 1.53, ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు. ఆ ఒక్క ఏడాదే అతనితో 276 ఇన్నింగ్స్ వేయించారు, ఒక్కో ఇన్నింగ్స్ అంటే ముగ్గురు ఔటయ్యేదాకా విసరడం! ఈ రోజుల్లో 200 వేస్తేనే గొప్ప. 1991లో భుజానికి ఆపరేషన్ ఊరికే అయిందా? కాలేజీలో మా కోచ్ కూడా పొద్దున్నా సాయంత్రం నాచేతే బౌలింగ్ వేయించేవాడు. అటక మీద డబ్బా దించాలన్నా ఇప్పటికీ మా ఆవిడే దిక్కు.

ఎడిసన్ రమణ: మీ భుజానికీ ఆయన కొకైన్‌కీ ఏంటండీ సంబంధం?

గోదారి గట్టు: పాప్‌కార్న్ తెచ్చుకున్నా, కానివ్వండి.

సీమ పేసర్: ముందు 276కి జవాబు చెప్పండి.

ఎడిసన్ రమణ: నోలన్ రయన్ అనే ఇంకో పిచర్ ఒక్క సీజన్లో 300 దాటి వేశాడు. 46 ఏళ్ల దాకా ఆడాడు. చాలా?

సీమ పేసర్: 20 ఏళ్లకే వేశాడా? లేదు కదా!

టాంపా విజయ: 1996 మే 14న న్యూయార్క్‌లోని ఇంకో జట్టు యాంకీస్ తరఫున సియాటిల్ జట్టు మీద నో-హిట్టర్ వేశాడు, అంటే మ్యాచంతా ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. మర్నాడే తండ్రికి గుండె ఆపరేషన్. అంత టెన్షన్‌లో! దానికైనా మనసు కరగదా రమణ గారూ?

ఎడిసన్ రమణ: కరగదు విజయ గారూ. మా తమ్ముడు తాగుడు మానాలని డీ-అడిక్షన్ సెంటర్‌లో చేరాడు, మానేశాడు కూడా. అయినా పాత ఆఫీసు వాళ్లు గేటు దాటనివ్వలేదు. చుట్టాలు పెళ్లిళ్లకి పిలవడం మానేశారు. గుడెన్‌ది మాత్రం జబ్బట, జాలిపడాలట! మావాడికి 268 స్ట్రైకౌట్లు లేవు, అందుకు వాడిది తాగుబోతుతనం.

టాంపా విజయ: అయ్యో, ఆ సంగతి మాకు తెలీదు కదండీ. కానీ ఆయనకీ అన్నీ దక్కలేదు. 2006లో హాల్ ఆఫ్ ఫేమ్ (బేస్‌బాల్ దిగ్గజాలకిచ్చే గౌరవం) ఓటింగ్‌లో 3.3 శాతమే వచ్చింది. 5 రాకపోతే జాబితాలోంచి తీసేస్తారు.

సీమ పేసర్: మీ తమ్ముడికి దక్కలేదని ఇతనికీ దక్కకూడదంటారా?

ఎడిసన్ రమణ: అవును, అదే అంటున్నా. 1987లో చికిత్స చేయించుకుని జూన్‌కల్లా మళ్లీ మైదానంలో దిగాడు, ఆ ఏడాది 15 గెలిచాడు. ఆ తలుపు ఇంకెవరికి తెరుస్తారండీ?

సీమ పేసర్: తలుపు వేసిన ఆఫీసుని తిట్టండి, చుట్టాల్ని తిట్టండి. గుడెన్ మీద పడతారేం? 276కి మాత్రం ఇంకా జవాబు రాలేదు.