గుర్తు పెట్టడం, గుర్తు పెట్టుకోవడం

మొన్న నాస్టాల్జియాకు తెలుగు మాట అడిగిన చర్చలో 'బెంగ' అన్నవాళ్లకే నా ఓటు. 1688లో బాసెల్‌లో వైద్యం చదువుతున్న యోహానెస్ హోఫర్ నాస్టాల్జియా అనే మాట కట్టింది ఇల్లు విడిచి వచ్చినవాళ్లకు పట్టే జబ్బుకు పేరుగానే. ఇంటికి తిరిగి చేరడం, నొప్పి అనే రెండు గ్రీకు ముక్కలు అతికించాడు. మన పిల్లలు అమ్మమ్మ ఊరెళ్లగానే బెంగ పెట్టుకుని జ్వరం తెచ్చుకోరూ? 'గతకాల స్మృతి' అంటే ఎవరికీ ఒళ్లు వెచ్చబడదు.

అయితే బొమ్మలు వేసుకుని బతికేవాణ్ణి కాబట్టి నన్ను పట్టుకున్న మాట వేరే ఉంది: గుర్తు. పాత రాతలో గుఱుతు, బండి ఱతో. గురి దీనికి తోబుట్టువు. తమిళంలో కుఱి, కన్నడంలో గురుతు. అసలు అర్థం చిహ్నం. రజకులు బట్టల అంచున నల్లజీడి రసంతో పెట్టేది గుర్తు, బ్యాలెట్ మీద ఉండేదీ గుర్తే. 'గుర్తు పెట్టు'కు ఒక్క 'కొను' తగిలిస్తే చాలు, బయట పెట్టేది కాస్తా లోపలికి వెళ్లిపోతుంది. 'జ్ఞాపకం' కూడా ఈ దారినే వచ్చింది సుమా! సంస్కృతంలో దాని అర్థం 'తెలియజేసేది'.

ఇక గుర్తుపట్టడం, గుర్తుకు రావడం. ఈ రెంటి మధ్య ఎంత దూరముందో నాకు తిరగలి దగ్గర తెలిసింది. ఒక పిల్లల కథకు అమ్మమ్మగారింటి వెనక వసారా బొమ్మ వేస్తున్నాను. తిరగలిని ఏ ఫొటోలో చూపించినా ఇట్టే గుర్తుపడతాను, ఇంకేం, చూడకుండా వేద్దామనుకున్నా. పైరాయి గుండ్రంగా కుదిరింది. పిడిని నడిమధ్యన నిలబెట్టాను. అమ్మ వచ్చి చూసి, "మరి గింజలెక్కడ పోస్తావురా, నీ నెత్తినా?" అంది.

నిజమే, మధ్యలో ఉండాల్సింది గింజలు పోసే కంత. పిడి అంచున కదా ఉంటుంది! ఎన్నేళ్లు చూశానో ఆ తిరగలిని. అమ్మ పెన్సిలు ముట్టుకోలేదు. కుడిచెయ్యి గాలిలో గుండ్రంగా తిప్పుతూ, ఎడమచేత్తో గుప్పెడు గుప్పెడు పోస్తున్నట్టు చూపించింది. ఆవిడకు తిరగలి భుజంలో గుర్తుంది. నేను ఆ చెయ్యే ముందు గీశాను, పిడి దానంతటదే అంచుకు జరిగింది.

తెలంగాణ మిత్రులకో ప్రశ్న. మీ 'యాది' పారశీకం నుంచి వచ్చింది, యాదికొచ్చింది అంటారు, యాది మరిచిన అంటారు. మరి మనిషిని పోల్చుకున్నప్పుడు 'ఆనవాలు పట్టిన' అనడమే విన్నాను. 'యాది పట్టిన' అని మీ ఇళ్లల్లో ఎవరైనా అంటారా?