డ్వార్ఫ్ మేజ్‌కి కథ రాయాలి: మంత్రం నేర్పిందెవరు?

కొలిమిరవ్వ:
వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్‌లో రోల్‌ప్లే (పాత్రలా మాట్లాడుతూ ఆడటం) కోసం ఒక డ్వార్ఫ్ మేజ్‌ని, అంటే మరుగుజ్జు జాతి మంత్రగత్తెని చేసుకున్నాను. ఊరు డ్వార్ఫ్‌ల రాజధాని ఐరన్‌ఫోర్జ్, వయసు నూట ఇరవై, కమ్మరి ఇంటి ఆడపిల్ల. "చిన్నప్పటి నుంచీ మంత్రాలు వచ్చు" అని రాస్తే మా గిల్డ్‌లో (ఆటగాళ్ల బృందంలో) ఒక పెద్దాయన అక్కడే ఆపేశారు. "ఆ రోజుల్లో ఐరన్‌ఫోర్జ్‌లో నీకు నేర్పిందెవరమ్మా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. మీరంతా ఎలా రాసుకున్నారు?

ఇనుపగడ్డం:
ఆయన సరైన చోటే పట్టుకున్నారండీ. 2004లో గేమ్ వచ్చినప్పుడు డ్వార్ఫ్‌లకి మేజ్ క్లాసే లేదు. 2010 చివర్లో కాటాక్లిజం అనే విస్తరణతో ఇచ్చారు. దానికి కథలో గట్టి కారణమే ఉంది. ఐరన్‌ఫోర్జ్ రాజు మాగ్ని వజ్రశిల అయిపోయాడు. కూతురు మోయిరా డార్క్ ఐరన్ అనే శత్రు వంశం డ్వార్ఫ్‌లని వెంటబెట్టుకుని ఐరన్‌ఫోర్జ్‌లో దిగింది. పెద్ద గొడవయ్యాక మూడు డ్వార్ఫ్ వంశాలూ (బ్రాంజ్‌బియర్డ్, వైల్డ్‌హామర్, డార్క్ ఐరన్) కలిసి ఏలే మండలి ఏర్పడింది. డార్క్ ఐరన్‌లకి మంత్రం తాతల నాటి విద్య. మీ పిల్ల బ్రాంజ్‌బియర్డ్ అయితే చదువు మొదలై కొన్నేళ్లే అయినట్టు లెక్క. నూట ఇరవై ఏళ్ల మనిషి ఇప్పుడు పలక పట్టి దిద్దుకుంటోందని రాయండి. నాకైతే అదే అందం.

బూడిదకళ్లు:
నాది డార్క్ ఐరన్. 2018లో వాళ్లని విడిగా ఒక జాతిగా ఇచ్చినప్పుడు మొదలుపెట్టాను. వాళ్ల నాయకుడు థారిసన్ మూడు సుత్తుల యుద్ధంలో (డ్వార్ఫ్ వంశాల మధ్య జరిగిన పాత యుద్ధం) ఓడిపోతూ కోపంతో రాగ్నరోస్‌ని పిలిచాడు కదా, ఆ నిప్పుదేవరకి వంశం మొత్తం తరాల తరబడి బానిసలయ్యారు. అందుకే నావాడు నిప్పు మంత్రాలు ముట్టడు, ఫ్రాస్ట్ (మంచు మంత్రాలు) మాత్రమే. తండ్రి వీపు మీద కాలిన మచ్చలు చూస్తూ పెరిగాడు.

ఒక రాత్రి ఐరన్‌ఫోర్జ్ మధ్యలో పెద్ద కొలిమి దగ్గర సీన్ నడిచింది. డార్క్ ఐరన్‌ల కోట ఉన్న బ్లాక్‌రాక్‌లో తమ్ముణ్ణి పోగొట్టుకున్న ముసలి సైనికుడిగా ఒకాయన ఆడుతున్నారు. నా ఎర్రటి కళ్లు చూసి మగ్గు కింద పెట్టేశారు. నావాడు మాట్లాడకుండా ఆ మగ్గులోని బీరుని చల్లబరిచి ముందుకు జరిపాడు. ఆయన చాలాసేపు టైప్ చేయలేదు. తర్వాత ఒక్క లైన్ వచ్చింది: "తాగుతాను గానీ, నీతో కాదు." అప్పటి నుంచి ఏడాది పాటు మా ఇద్దరి కథ దాని మీదే నడిచింది. పగకి రెండు వందల ఏళ్లకి పైగా చరిత్ర ఉంది, మనం కొత్తగా కల్పించక్కర్లేదు.

మంచుతెర:
ఇనుపగడ్డం గారూ, ఒక్క మాట. డార్క్ ఐరన్ గురువే కావాలని లేదు. తమ నగరం గ్నోమరెగాన్ పోయాక గ్నోమ్‌లు (ఇంకో పొట్టి జాతి) ఐరన్‌ఫోర్జ్‌లోనే తలదాచుకున్నారు. ఆ ఊళ్లోని మిస్టిక్ వార్డ్ పేటలో బింక్ లాంటి గ్నోమ్‌లు మొదటి నుంచీ మేజ్ పాఠాలు చెబుతూనే ఉన్నారు. కొలిమి పనికి వచ్చిన పిల్ల పక్క గదిలో పాఠం విని నేర్చుకుంటే తప్పేముంది?

ఇనుపగడ్డం:
తప్పు లేదు. కాకపోతే దొంగచాటుగా విన్నట్టు రాయాలి. ఇంట్లో తెలిస్తే ఏమవుతుందన్న భయం అందులో ఉండాలి.

శిలాక్షరం:
నేను మూడో దారిలో వెళ్లాను. నా మనిషి ఎక్స్‌ప్లోరర్స్ లీగ్ అనే డ్వార్ఫ్ పరిశోధకుల సంఘంలో తవ్వకాలు చేసేది. ఉల్డామన్ శిథిలాల్లో దొరికిన నార్గనాన్ ఫలకాల్లోనే కదా డ్వార్ఫ్‌లు టైటాన్‌లు (లోకాన్ని తీర్చిదిద్దిన దేవతల్లాంటివాళ్లు) చేసిన రాతిమనుషుల నుంచి వచ్చారని తెలిసింది. నార్గనాన్ అంటే టైటాన్‌లలో మంత్రానికీ విద్యకీ పెద్ద. అది చదివిన మనిషికి మంత్రం పరాయి విద్య ఎలా అవుతుంది? పోయిందనుకున్న ఇంటి సొమ్ము దొరికినట్టు ఉంటుంది. ఒక్క జాగ్రత్త, టైటాన్ రక్తం, ఎవరికీ లేని శక్తి అంటూ మాత్రం పోకండి. తవ్వేవాళ్ల గోళ్లలో మట్టి ఉండాలి.

కొలిమిరవ్వ:
అందరికీ చాలా థ్యాంక్స్. మంచుతెర గారి పక్క గది, ఇనుపగడ్డం గారి పలక, రెండూ తీసుకున్నాను. నా పిల్ల కొన్నేళ్లు గోడ అవతల నుంచి గ్నోమ్ పాఠాలు విన్నది, ఒక్క మంత్రం కూడా పైకి అనలేదు. మండలి వచ్చాక మొదటిసారి తరగతిలో కూర్చుంది. గురువు డార్క్ ఐరన్. నాన్న ఆ రోజు నుంచి ఆమెకి సుత్తి ఇవ్వడం మానేశాడు. రేపు రాత్రి కొలిమి దగ్గర మొదటి సీన్ పెట్టాను. బూడిదకళ్లు గారూ, వీలైతే మీవాణ్ణి తీసుకురండి.