పాత రేడియేటర్లకు హీట్ పంపు కలపవచ్చా?

కొత్తగా_వచ్చాం:
అందరికీ నమస్కారం. ఈ చలిదేశానికి ఈమధ్యనే వచ్చాం. పాత ఇల్లు ఒకటి కొన్నాం. గ్యాసు బాయిలర్, గదిగదికీ రేడియేటర్లు ఉన్నాయి. బాయిలర్ ఇక ఎక్కువ కాలం రాదని ప్లంబరు చెప్పాడు. దాని స్థానంలో గాలి నుంచి వేడి తీసే హీట్ పంపు పెట్టి, ఉన్న గొట్టాలకే కలిపితే పనవుతుందా? బఫర్ ట్యాంకు (వేడి నీరు కొంత నిల్వ ఉంచే తొట్టి) కూడా కావాలంటున్నారు. నిజంగా అవసరమా?

పాతకాపు:
బఫర్ సంగతి తర్వాత. ముందు ఇంట్లోంచి ఎంత వేడి బయటికి పోతోందో గదులవారీగా లెక్క కట్టించండి. బాయిలర్ మీద 24 కిలోవాట్లని రాసి ఉందని అంత పంపు కొనేరు! కుళాయి తిప్పగానే నీళ్లు కాచి ఇచ్చే రకం బాయిలరైతే ఆ అంకె స్నానాల కోసం. ఇల్లు వెచ్చబడడానికి అందులో మూడో వంతు చాలే ఇళ్లు బోలెడు. పంపు మరీ పెద్దదైతే ఓ మోస్తరు చలి రోజుల్లో మాటిమాటికీ ఆగుతూ, మొదలవుతూ కంప్రెసర్‌ను అరగదీసుకుంటుంది. అటక మీదా గోడల్లోనూ వేడి ఆపే ఏర్పాటు లేకుండా పంపు పెట్టడం చిల్లికుండలో నీళ్లు పోయడమే.

లెక్కల_మాస్టారు:
పాతకాపు గారూ, ఆయన అడిగింది గొట్టాల గురించి. బాయిలర్ 70 డిగ్రీల నీటిని పంపితే అది రేడియేటర్లు తిరిగి 50కి దిగి వస్తుంది. హీట్ పంపుకు ఆ తేడా 5 డిగ్రీలే. అంతే వేడి మోయాలంటే నాలుగింతల నీరు పారాలి. 8 కిలోవాట్లకు నిమిషానికి దాదాపు 23 లీటర్లు. 28 మి.మీ. రాగి గొట్టం దీన్ని సునాయాసంగా మోస్తుంది. 22 మి.మీ. గొట్టంలో వేగం సెకనుకు మీటరు దాటుతుంది, మోత మొదలవుతుంది. 10 మి.మీ. సన్నగొట్టాలుంటే అసలు చిక్కు అక్కడే.

రేడియేటర్లన్నీ మార్చాల్సిందేనని ఎవరైనా అంటే నమ్మకండి. గది కన్నా 50 డిగ్రీలు వేడిగా ఉన్నప్పుడు 1000 వాట్లిచ్చే రేడియేటర్, 30 డిగ్రీలే ఎక్కువున్నప్పుడు 500 పైచిలుకు ఇస్తుంది. చాలా ఇళ్లలో పాతవాళ్లు అవసరానికి మించిన రేడియేటర్లే పెట్టారు. తెలుసుకునే దారి ఒకటుంది. బాగా చలి పట్టిన రోజుల్లో బాయిలర్ నీటిని 50 డిగ్రీలకు తగ్గించి, రాత్రీ పగలూ ఆపకుండా నడపండి. ఏ గది వెచ్చబడలేదో అక్కడ మాత్రమే పెద్దది పెట్టండి.

నాలుగో_శీతాకాలం:
ముందు ఇంటి యజమాని దగ్గర కాగితం రాయించుకోండి! మా యజమాని బాయిలర్ తీయించి హీట్ పంపు పెట్టించాడు. మొదటి కరెంటు బిల్లు చూసి మా వారు మీటరు చెడిపోయిందన్నారు. యజమానికి ఫోను చేస్తే “మీరు కిటికీలు తెరిచి ఉంచుతున్నారు” అన్నాడు. పంపు బిగించిన కంపెనీకి రాస్తే “రాత్రి థర్మోస్టాట్ తగ్గించకండి” అని ఒక్క వాక్యం వచ్చింది. విద్యుత్ ఆఫీసు వాళ్లు మీటరు బాగానే ఉందని ఉత్తరం పంపారు. ఈ ముగ్గురి చుట్టూ తిరగడంతోనే చలికాలం సగం గడిచింది.

ఒకరోజు బయట ఫ్యాను ఆగి ఉంది, మీటరు మాత్రం 6 కిలోవాట్లు చూపిస్తోంది. లోపలి డబ్బా తెర మీద, ఓ మూల, గోరంత వంకరటింకర గీత. వాళ్లిచ్చిన పుస్తకం తిరగేస్తే అది సహాయక హీటరు గుర్తట! ఉత్త కరెంటు కాయిల్. బిగించిన రోజు నీళ్లు త్వరగా వేడెక్కాలని వేసి, అలాగే వదిలి వెళ్లారు. ఒక యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల వేడి రావలసిన చోట ఒక్కటే వచ్చింది. డబ్బు వాపసు అడిగితే మీటలు నొక్కడం అద్దెవాళ్ల బాధ్యతన్నాడు యజమాని.

కొత్తగా_వచ్చాం:
అక్కా, ఇల్లు మాదేనండి, అద్దెది కాదు.

నాలుగో_శీతాకాలం:
అయితే మంచిదే. అయినా ఆ గీత మీద ఒక కన్నేసి ఉంచండి.

పాతకాపు:
బఫర్ పెట్టించండి, తర్కం వద్దు. బయటి కాయిల్ మీద మంచు పేరుకుంటే పంపు కాసేపు ఎదురు నడిచి, ఇంటి నీటి లోంచే వేడి లాక్కుని దాన్ని కరిగిస్తుంది. అందుకు సరిపడా నీరు లేకపోతే మధ్యలో ఆగిపోతుంది.

లెక్కల_మాస్టారు:
నీరు కావాలి, ఒప్పుకున్నాను. నాలుగు మూతుల ట్యాంకు, అంటే పంపు వైపు రెండు గొట్టాలు, రేడియేటర్ల వైపు రెండు గొట్టాలు కలిసేది, ఎందుకు? రెండువైపులా ప్రవాహం సమంగా లేకపోతే వేడినీరు, తిరిగొచ్చే చల్లనీరు ట్యాంకులోనే కలిసిపోతాయి. 45 డిగ్రీల్లో బయలుదేరిన నీరు రేడియేటర్లకు 40లో చేరుతుంది. ఆ లోటు తీర్చడానికి పంపు వేడి పెంచుతారు, పెంచిన ప్రతి డిగ్రీకీ సామర్థ్యం 2 శాతానికి పైగా పోతుంది. తిరుగు గొట్టం మీద రెండు మూతుల చిన్న ట్యాంకు పెట్టి, కొన్ని రేడియేటర్ల వాల్వులు ఎప్పుడూ తెరిచి ఉంచితే చాలు.

పాతకాపు:
మా ఇంట్లో నాలుగు మూతులదే ఉంది, ఏ లోటూ లేదు. హీట్ పంపు నిన్న మొన్న పుట్టినట్టు మాట్లాడకండి. స్విట్జర్లాండ్‌లో జ్యూరిక్ రాత్‌హౌస్‌ను, అంటే అక్కడి సభా భవనాన్ని, 1938లోనే హీట్ పంపుతో వెచ్చబెట్టారు.

లెక్కల_మాస్టారు:
వాళ్లు వేడి తీసింది లిమ్మట్ నది నీటి నుంచి. ఆ పంపుకు కాయిల్ మీద మంచు కరిగించే పనే లేదు. మీ ఉదాహరణ మీ బఫర్‌నే ముంచింది.

చలిపులి:
పెద్దలిద్దరూ కాస్త ఆగండి. కొత్తగా వచ్చినవారు మరిచిపోకూడనివి కొన్ని ఉన్నాయి. పాత గొట్టాల్లో నల్లటి తుప్పు బురద ఉంటుంది. పంపు కలపకముందే కడిగించి, తిరుగు గొట్టం మీద అయస్కాంత ఫిల్టర్ పెట్టించండి. కరెంటు పోతే బయటి గొట్టాల్లో నీరు గడ్డకట్టకుండా అందులో కలిపే గ్లైకాల్ ద్రవమైనా, చల్లబడగానే నీటిని వదిలేసే వాల్వు అయినా, ఏదో ఒకటి చాలు. రెండూ పెడితే ఖరీదైన గ్లైకాల్ కాస్తా నేలపాలు. ఇక మాస్టారు చెప్పిన 50 డిగ్రీల పరీక్ష రేడియేటర్లకే. ఇంట్లో వేడినీటి ట్యాంకు ఉంటే దాన్ని 60 కన్నా కిందికి తగ్గించకండి, న్యుమోనియా తెచ్చే లెజియోనెల్లా బాక్టీరియా పెరుగుతుంది.

కొత్తగా_వచ్చాం:
అందరికీ ధన్యవాదాలు. బాయిలర్ నుంచి బయలుదేరే గొట్టానికి దారం చుట్టి కొలిచాను. 88 మి.మీ. వచ్చింది. వెనక గదికి వెళ్లేది మాత్రం 31.

లెక్కల_మాస్టారు:
3.14తో భాగించండి. మొదటిది 28 మి.మీ., అదృష్టవంతులు. రెండోది 10. ఆ గదికి 15 మి.మీ. గొట్టం కొత్తగా వేయించండి, మిగతావి కదపనక్కర్లేదు.

పాతకాపు:
ట్యాంకుకు చోటు కూడా వదలండి.

లెక్కల_మాస్టారు:
రెండు మూతులదానికి.