బస్టర్ కీటన్ టీవీలో చేసినవి చూడొచ్చా? ఎక్కడ మొదలెట్టాలి?

మూకీపిచ్చి:
ద జనరల్, షెర్లాక్ జూనియర్ మూకీలు చూశాక ఈ హాలీవుడ్ కామెడీ హీరో కీటన్ మీద పిచ్చి పట్టేసింది. 1928లో ఎంజీఎం అనే పెద్ద స్టూడియోకి వెళ్లాక స్వేచ్ఛ పోయింది, 1933లో తీసేశారు, తాగుడు, అక్కడితో పని అయిపోయింది అని చాలామంది రాస్తారు, కానీ 1966లో పోయేదాకా టీవీలో చేస్తూనే ఉన్నాడంట కదా. అవి పొట్టకూటికి చేసినవేనా, నిజంగా చూడదగ్గవి ఉన్నాయా?

పాతరీలు:
ఉన్నాయి అన్నా, 1949 డిసెంబర్‌లో కమెడియన్ ఎడ్ విన్ నడిపిన టీవీ షోకి కీటన్ వచ్చిన ఎపిసోడ్‌తో మొదలెట్టు. 1917లో తన మొదటి సినిమా ద బుచర్ బాయ్‌లో చేసిన సీనే, కొట్టుకెళ్లి మొలాసెస్ కొనడం, అంటే బెల్లంపాకం లాంటిది, ఆ జిగురుకి టోపీ అతుక్కోవడం కాలు అతుక్కోవడం, అదంతా 54 ఏళ్ల వయసులో లైవ్‌లో మళ్లీ చేశాడు, రీటేక్ లేదు ఎడిటింగ్ లేదు. చిన్నప్పుడు అమ్మానాన్నలతో స్టేజీ మీద పెరిగిన మనిషి, ఎదురుగా జనం నవ్వుతుంటే ఆయన టైమింగే వేరు. బొమ్మ మసగ్గా ఉంటుంది, అప్పట్లో టీవీ తెరనే ఫిల్మ్ కెమెరాతో తీసి దాచేవాళ్లు కాబట్టి, అది పట్టించుకోకు.

గోదారిగట్టు:
పాతరీలు గారు చెప్పింది నిజం, కాకపోతే అన్నీ ఆ స్థాయిలో ఉండవండీ. లాస్ ఏంజెలెస్‌లో కేటీటీవీ అనే లోకల్ టీవీ స్టేషన్‌లో కీటన్ లైవ్ షో బాగా నడిచాక 1951లో లైఫ్ విత్ బస్టర్ కీటన్ అని ఫిల్మ్ మీద తీశారు, ఎదురుగా ప్రేక్షకులు లేరు, ఆ లోటు తెలిసిపోతుంది. పైగా వారం వారం కొత్త కామెడీ పుట్టించాలంటే ఎవరివల్ల అవుతుంది, మూకీల్లో ఒక్కో గ్యాగ్‌కి, అంటే నవ్వించే చిన్న తుంటరి పనికి, రోజుల తరబడి కూర్చునేవాడు కదా. చివరికి తనే ఆపేశాడు. దాన్ని ఓటమి అంటే నేను ఒప్పుకోను, పాత సరుకు తిప్పితిప్పి చూపించడం ఇష్టంలేకే ఆపాడు.

మూకీపిచ్చి:
థాంక్యూ ఇద్దరికీ. కథ ఉన్నవి ఏమన్నా ఉన్నాయా మరి?

పాతరీలు:
ట్విలైట్ జోన్ అనే వింత కథల అమెరికన్ టీవీ సిరీస్‌లో వన్స్ అపాన్ ఎ టైమ్ ఎపిసోడ్, 1961 డిసెంబర్‌ది. 1890లో ఒక ఊడ్చేవాడు, అది కీటనే, కాలంలో ముందుకి తీసుకెళ్లే టైమ్ హెల్మెట్ పెట్టుకుని 1960ల్లోకి వచ్చిపడతాడు, 1890 భాగమంతా టైటిల్ కార్డులతో మూకీలాగే తీశారు, ప్యాంటు లేకుండా రోడ్డు మీద పరిగెత్తే 66 ఏళ్ల మనిషిని చూస్తే వయసే గుర్తురాదు.

గోదారిగట్టు:
1954లో వచ్చిన ది అవేకనింగ్ అనే టీవీ నాటకం కూడా చూడండి, రష్యన్ రచయిత గొగోల్ ఓవర్‌కోట్ కథ ఆధారంగా తీసింది, కామెడీ కాదు, పూర్తి సీరియస్ వేషం. కామెడీల్లో కూడా నవ్వని ఆయన మొహం అక్కడ ఏడిపిస్తుంది.