నక్షత్రాల చుట్టూ ఊదా వలయం: చెరిపేయాలా, ఉంచాలా?

రుషికొండ రాత్రులు:
డిసెంబరులో లంబసింగి వెళ్ళి కృత్తికని తీశాను, అదే మన పిల్లలకోడిని. 80 మి.మీ. ఎఫ్/5 అక్రోమాట్ (రెండు గాజులు కలిపిన కటకమున్న టెలిస్కోపు), ఒక్కోటి 30 సెకన్లు, 120 ఫ్రేములు. స్టాకింగ్ (ఫ్రేములన్నీ ఒకటిగా కలపడం) అయ్యాక చూస్తే ప్రతి పెద్ద చుక్క చుట్టూ నేరేడుపండు రసం ఒలికినట్టు ఊదా వలయం. ఫోటోలు దిద్దే జింప్‌లో ఊదా, నీలం శాచురేషన్ (రంగు గాఢత) లాగేశాను, శుభ్రమైంది. మా వాట్సాప్ గ్రూపులో పెడితే ఒకాయన "ఇది ఫోటోనా, పెయింటింగా?" అన్నారు. నేను చేసింది తప్పేనా?

పాత కటకం:
తప్పేంటి తమ్ముడూ? ఆ ఊదా ఆకాశానిది కాదు, నీ గాజుది. అక్రోమాట్ ఎరుపునీ నీలాకుపచ్చనీ ఒకచోట కలుపుతుంది గానీ, 430 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం కిందుండే ఊదా వాటితో కలవదు. చెదిరి వలయమవుతుంది. లెన్సు పెట్టిన మరకని తుడిస్తే మోసమా?

మర్రిపాలెం మాస్టారు:
తుడవడం మోసమని నేననను. ఏం తుడుస్తున్నారో చూసుకోకపోవడమే నా బాధ. కృత్తిక చుట్టూ నిజంగానే నీలి ధూళిమేఘం ఉందండీ, ఆ తారల వెలుగుతోనే మెరుస్తుంది. అందులోని మెరోపీ తారకి దక్షిణాన మరీ దట్టం. మీ ఫోటోలో అక్కడ చూడండి, నీలం పోయి బూడిదరంగు పొగలా మిగిలింది. ఇది ఇలాంటి మేఘం లేని పర్సియస్ జంట తారాగుచ్ఛాల ఫోటో అయితే నేను నోరెత్తేవాణ్ణి కాదు.

గాజువాక నైట్‌షిఫ్ట్:
అందుకే తీసేటప్పుడే చూసుకోవాలి. నెం.8 పసుపు ఫిల్టర్ బిగిస్తే ఊదా చాలావరకు అక్కడే ఆగుతుంది. తర్వాత కంప్యూటర్లో ఈ కుస్తీ ఎందుకు?

మర్రిపాలెం మాస్టారు:
అది నీలాన్నీ మింగుతుంది బాబూ. చంద్రుడికి పనికొస్తుంది, కృత్తికకు కాదు.

పాత కటకం:
ఫోటోలోంచి చుక్కల్ని వేరుచేసే సాఫ్ట్‌వేర్ స్టార్‌నెట్‌తో చుక్కల్ని విడదీసి, ఆ పొరలోనే రంగు తగ్గిస్తే మేఘం జోలికి పోం కదా?

మర్రిపాలెం మాస్టారు:
చిన్న చుక్కలకి నేనూ అదే చేస్తాను. కృత్తికలో అన్నిటికన్నా మెరిసే ఆల్సియోనీ అంతటి వాటి దగ్గరే చిక్కు. స్టార్‌నెట్ నడిమి చుక్కని తీసుకుపోయి, వలయాన్ని మాత్రం మేఘం పొరలో వదిలేస్తుంది చాలాసార్లు. ఇక ఏది గాజుదో ఏది ఆకాశానిదో మనమే తేల్చుకోవాలి. అందుకు వృషభం కొమ్ము చివరున్న ఎల్నాథ్‌ని అదే టెలిస్కోపుతో తీయండి. అదీ ఆల్సియోనీ లాగే బి7 తరగతి నీలితార, చుట్టూ ఇలాంటి మేఘం లేదు. కాంతి సుమారు మూడు రెట్లు ఎక్కువ, కాబట్టి 10 సెకన్లు చాలు. దాని చుట్టూ వచ్చిన ఊదా మీ లెన్సుదే. కృత్తికలో అంతవరకే తగ్గించండి.

రుషికొండ రాత్రులు:
నిన్న మేడమీంచే తీశాను మాస్టారూ. సముద్రపు చెమ్మకి లెన్సు రెండుసార్లు మసకేసింది, హెయిర్‌డ్రయ్యర్‌తో ఆరబెట్టుకుంటూ కూర్చున్నా. ఎల్నాథ్ వలయం అన్నివైపులా సమానంగా గుండ్రంగా ఉంది. మెరోపీది మాత్రం ఒకవైపే సాగింది. అంటే అది మేఘమే. అక్కడి నీలం తిరిగి పెట్టేశాను.

పాత కటకం:
ఆగాగు. నీ ఫోటోలో మెరోపీ అంచుకి ఉంది. లెన్సు కాస్త పక్కకి ఒరిగినా అంచుల్లో వలయం ఒకవైపు సాగుతుంది. ఎల్నాథ్‌ని ఫ్రేములో ఎక్కడ పెట్టావ్?

రుషికొండ రాత్రులు:
నడిమధ్యలో.

పాత కటకం:
మరి?

మర్రిపాలెం మాస్టారు:
ఆయన అడిగిందాంట్లో న్యాయం ఉంది. మెరోపీ ఉన్న మూలలోనే పెట్టి ఇంకోసారి తీయండి. ఈసారి చెమ్మ లేని రాత్రి చూసుకోండి.