మాన్‌మత్ కౌంటీలో అమెరికా విప్లవ యుద్ధం: 1778 జూన్ 28 ఒక్కరోజు కథేనా?

ప్రశ్న (ఫ్రీహోల్డ్ నివాసి):

అందరికీ నమస్కారం. మేము న్యూజెర్సీలోని మాన్‌మత్ కౌంటీలో, ఫ్రీహోల్డ్ దగ్గర ఉంటున్నాము. ఫిలడెల్ఫియాను ఖాళీ చేసి న్యూయార్క్ వైపు మరలిన బ్రిటిష్ సేనాని సర్ హెన్రీ క్లింటన్ సేనను జార్జ్ వాషింగ్టన్ సేన 1778 జూన్ 28న ఎదుర్కొన్న మైదానం మాకు చాలా దగ్గర. అది ఇప్పుడు రాష్ట్ర పార్కుగా ఉంది. ఏటా జూన్‌లో ఆనాటి దుస్తులతో ఆ యుద్ధాన్ని మళ్ళీ నడిపి చూపిస్తారు. ఈసారి మా అమ్మాయిని తీసుకువెళ్ళాను. ఎండలో ఉన్ని కోట్లు తొడుక్కుని చెమటలు కక్కుతూ నడుస్తున్న వారిని చూసి, "నాన్నా, ఈ ఊరివాళ్ళు అప్పుడు ఎవరి వైపు ఉన్నారు?" అని అడిగింది. అమెరికన్ జనరల్ చార్లెస్ లీ వెనుకంజ వేయడం, వాషింగ్టన్ అతనిపై ఆగ్రహించడం, వ్యాలీ ఫోర్జ్ శిబిరంలో ప్రష్యా సేనాధికారి స్టాయిబెన్ ఇచ్చిన శిక్షణ ఆ రోజు అక్కరకు రావడం నేను చెప్పగలిగాను గానీ, ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పలేకపోయాను. సేనలు వెళ్ళిపోయిన తరువాత ఇక్కడి జనం ఏమయ్యారు? అసలు వారు ఎవరు? తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1 (పాత పటాల పాఠకుడు):

మీ అమ్మాయి అడిగినది సరైన ప్రశ్న అండి. ఈ ఊరివాళ్ళు రెండు వైపులా ఉన్నారు. కొన్ని కుటుంబాలలో అన్నదమ్ములు కూడా చెరొక వైపు నిలిచారు.

వీరి పూర్వుల సంగతి తెలియాలంటే 1665కు వెళ్ళాలి. డచ్చివారి నుంచి ఈ ప్రాంతం ఇంగ్లీషువారి చేతికి వచ్చిన మరుసటి సంవత్సరమే, గవర్నర్ రిచర్డ్ నికోల్స్ పన్నెండు మందికి ఇక్కడి భూమిపై పట్టా రాసి ఇచ్చాడు. వారు లాంగ్ ఐలండ్, రోడ్ ఐలండ్ నుంచి వచ్చిన బాప్టిస్టులు, క్వేకర్లు అనే క్రైస్తవ శాఖలవారు. స్థానిక లెనాపే ప్రజల నుంచి భూమి కొన్నామని చెప్పుకునేవారు. ఎవరి మతం వారు నిర్భయంగా అనుసరించవచ్చునని ఆ పట్టాలోనే ఉంది. మిడిల్‌టౌన్, షూస్‌బరీ అలా వెలిశాయి. అయితే నికోల్స్‌కు తెలియకుండానే, ఇంగ్లండు రాజు తమ్ముడైన డ్యూక్ ఆఫ్ యార్క్ అప్పటికే న్యూజెర్సీ మొత్తాన్ని బర్కిలీ, కార్టరెట్ అనే ఇద్దరు ప్రభువులకు ధారాదత్తం చేసి ఉన్నాడు. ఆ ప్రభువులు శిస్తు అడిగినప్పుడు, మా పట్టా మాకు ఉండగా మీకెందుకు కట్టాలని ఈ రైతులు ఎదురు తిరిగారు. 1683లో కౌంటీ ఏర్పడిన తరువాత కూడా భూమి తగాదాలు తీరలేదు. 1776 నాటి చీలికకు ఈ శిస్తు గొడవే కారణమని నేను అనను. కానీ దూరాన ఉన్న అధికారం మాటను తలవంచి వినే అలవాటు ఇక్కడ మొదటినుంచీ తక్కువ.

చీలికను పగగా మార్చింది మాత్రం భూగోళం. పటంలో కౌంటీ ఉత్తరపు కొసన సముద్రంలోకి వేలులా చొచ్చుకుపోయిన ఇసుక నేల ఉంటుంది. అదే శాండీ హుక్. న్యూయార్క్ రేవులోకి పోయే ఓడలు చాలావరకు దాని పక్కనుంచే పోవాలి. 1764లో అక్కడ వెలిగించిన దీపస్తంభం నేటికీ పనిచేస్తోంది. 1776 వసంతంలో అమెరికన్లు దాని దీపాలను విప్పి తీసుకుపోయారు. కానీ బ్రిటిష్ నౌకాదళం ఆ చోటును పట్టుకుని యుద్ధం ముగిసేదాకా వదలలేదు. కౌంటీ నుంచి తరిమివేయబడిన రాజపక్షీయులు, అంటే బ్రిటిష్ రాజు వైపు నిలిచినవారు, అక్కడే తలదాచుకుని, రాత్రివేళ పడవలలో వచ్చి తమ పాత పొరుగువారి ఇళ్ళపై పడేవారు. పశువులు, ధాన్యం, మనుషులు, ఏది చిక్కితే అది తోలుకుపోయేవారు. ఇటు విప్లవపక్షం వారు వెళ్ళిపోయినవారి భూములను జప్తు చేసి వేలం వేశారు. తీరం వెంబడి సముద్రపు నీటిని పెద్ద బాణలిలలో కాచి ఉప్పు తీసే బట్టీలు ఉండేవి. మాంసం నిల్వకు ఉప్పు లేనిదే సేనకు తిండి లేదు. అందుకే 1778 ఏప్రిల్‌లో బ్రిటిష్ సైనికులు మనాస్క్వాన్ దగ్గరి బట్టీలను తగలబెట్టారు.

ఒక మాట పక్కకు పోయి చెబుతాను. జూన్ 28న క్లింటన్ సేనలో వెనుక విభాగాన్ని నడిపినవాడు కారన్‌వాలీసు. బెంగాలులో శాశ్వత శిస్తు పద్ధతిని తెచ్చిన గవర్నర్ జనరల్ ఆయనే. అదే పద్ధతి 1802లో మన ఉత్తర సర్కారులకు వచ్చి జమీందారీలను స్థిరపరిచింది.

జవాబు 2 (షూస్‌బరీ చదువరి):

పై జవాబులో ఒక వర్గం ప్రస్తావన రాలేదు. ఈ కౌంటీలో ఆఫ్రికన్ బానిసలు చాలామంది ఉండేవారు. టింటన్ ఫాల్స్‌లో లూయిస్ మోరిస్ ఇనుప కొలిమి పదిహేడవ శతాబ్దంలోనే వారి రెక్కల కష్టం మీద నడిచింది.

షూస్‌బరీలో జాన్ కార్లిస్ అనే క్వేకరు ఇంట టైటస్ అనే బానిస యువకుడు ఉండేవాడు. బానిసలను విడిచిపెట్టమని క్వేకర్ల సంఘం చెబుతున్నా కార్లిస్ వినలేదు. టైటస్ పారిపోయాడని 1775 నవంబరు 8 తేదీతో కార్లిస్ ఇచ్చిన పత్రికా ప్రకటన నేటికీ దొరుకుతుంది. వయసు సుమారు 21 ఏళ్ళు, ఎత్తు ఆరడుగులకు దగ్గర, బూడిదరంగు నేత కోటు, నీలం తెలుపు మేజోళ్ళు, ఒక కొసన తాడుతో ముడివేసిన సంచి నిండా బట్టలు. పట్టి ఇచ్చినవారికి మూడు పౌండ్లు. పేరు మార్చుకోవచ్చునని కూడా రాశాడు. ఆ సంచి వివరం చదివినప్పుడల్లా నాకు మనసు ఆగిపోతుంది. ఆ ప్రయాణానికి అతడు ఎన్నాళ్ళనుంచి సిద్ధపడ్డాడో కదా!

వర్జీనియా గవర్నర్ డన్‌మోర్ తిరుగుబాటుదారుల బానిసలకు స్వేచ్ఛ ఇస్తానని ప్రకటించినందువల్లే టైటస్ పారిపోయాడని తరచుగా రాస్తుంటారు. ఆ ప్రకటనపై సంతకం జరిగింది నవంబరు 7న. అంత దూరపు వార్త ఒక్కరోజులో షూస్‌బరీకి చేరే వీలు లేదు. అతడు తన నిర్ణయం తానే తీసుకున్నాడని నా అభిప్రాయం.

తరువాత అతడు కర్నల్ టై అయ్యాడు. కర్నల్ అన్నది సైన్యం ఇచ్చిన హోదా కాదు, గౌరవంగా పిలిచిన పిలుపు. నల్లవారు, తెల్లవారు కలిసిన దళంతో శాండీ హుక్ నుంచి వచ్చి, తాను పుట్టి పెరిగిన దారుల వెంటనే దాడులు చేశాడు. 1780 సెప్టెంబరులో కోల్ట్స్ నెక్‌లో విప్లవపక్ష కెప్టెన్ జాషువా హడీ ఇంటిని ముట్టడించినప్పుడు మణికట్టుకు తూటా తగిలింది. చిన్న గాయమే. కానీ ధనుర్వాతం వచ్చి చనిపోయాడు. మీ అమ్మాయికి ఇతని సంగతి తప్పక చెప్పండి. ఇతనికి స్వేచ్ఛ రాజు వైపు కనబడింది. న్యూజెర్సీ బానిసత్వాన్ని క్రమంగా తొలగించే చట్టం 1804 దాకా చేయలేదు.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ ధన్యవాదాలు. సంచి వివరం మా అమ్మాయికి చదివి వినిపించాను. హైలాండ్స్‌లో హడీ పేరుతో ఒక పార్కు చూసిన గుర్తు. ఆయన ఈ హడీయేనా? ఆ దాడిలో చనిపోయారా?

జవాబు 3 (పాత పటాల పాఠకుడు):

ఆయనేనండి. ఆ దాడిలో పట్టుబడినా, పడవలో తీసుకుపోతుండగా నీటిలో దూకి తప్పించుకున్నాడు. 1782 మార్చి 24న టామ్స్ రివర్‌లో చిన్న కోటను కాపాడుతూ మళ్ళీ దొరికిపోయాడు. టామ్స్ రివర్ అప్పట్లో మాన్‌మత్‌లో భాగమే. ఓషన్ కౌంటీ విడిపోయింది 1850లో. హడీ బందీగా ఉండగానే ఫిలిప్ వైట్ అనే రాజపక్షీయుడు విప్లవపక్షం చేతిలో హతమయ్యాడు. ఆ సమయానికి బందిఖానాలో ఉన్న హడీకి ఆ హత్యతో సంబంధం ఉండే అవకాశమే లేదు. అయినా ఏప్రిల్ 12న షూస్‌బరీ వాడే అయిన రిచర్డ్ లిప్పిన్‌కాట్ అతణ్ణి హైలాండ్స్ తీరానికి తెచ్చి, వైట్‌కు బదులని రాసిన కాగితం గుండెకు తగిలించి ఉరితీయించాడు. హడీ ఒక పీపాను బల్లగా చేసుకుని తన వీలునామాపై సంతకం పెట్టాడని చెబుతారు.

లిప్పిన్‌కాట్‌ను అప్పగించమని వాషింగ్టన్ అడిగితే బ్రిటిష్‌వారు ఒప్పుకోలేదు. దానితో బదులుగా ఒకరిని ఉరితీయాలని, బందీలుగా ఉన్న బ్రిటిష్ కెప్టెన్లకు చీట్లు వేయించారు. అది ఇరవై ఏళ్ళ చార్లెస్ ఆస్గిల్‌కు తగిలింది. కారన్‌వాలీసు యార్క్‌టౌన్‌లో లొంగిపోయినప్పుడు ఒప్పందం ప్రకారం పట్టుబడ్డ ఆ కుర్రవాడికి మాన్‌మత్ ఎక్కడుందో కూడా తెలిసి ఉండదు. అతని తల్లి ఫ్రెంచి మంత్రి వెర్జెన్‌కు ఉత్తరం రాసింది. ఆయన వాషింగ్టన్‌కు రాశాడు. చివరకు నవంబరులో అమెరికన్ కాంగ్రెస్ ఆ కుర్రవాణ్ణి విడిచిపెట్టింది. లిప్పిన్‌కాట్‌పై బ్రిటిష్ సైనిక న్యాయస్థానం విచారణ జరిపి నిర్దోషి అన్నది. అతడు తరువాత కెనడాకు వెళ్ళి స్థిరపడ్డాడు, షూస్‌బరీకి తిరిగి రాలేదు.