డెలావేర్ నదికి ఉన్న చట్టం మన నదులకూ కావాలా?

న్యూజెర్సీ గోదావరోడు

ఎండాకాలం వస్తే ఇక్కడి తెలుగు కుటుంబాలు చాలావరకు పిల్లలతో డెలావేర్ వాటర్ గ్యాప్‌కి, అంటే డెలావేర్ నది కొండల్ని చీల్చుకుని పారే చోటికి, వెళ్తాయి. ఆ గ్యాప్‌కి ఎగువన ఉన్న లోయంతా నిజానికి నీళ్లలో మునగాల్సింది. 1955 ఆగస్టు వరదల తర్వాత టాక్స్ ఐలాండ్ దగ్గర పెద్ద ఆనకట్ట కట్టడానికి 1962లో అమెరికా కాంగ్రెస్ ఒప్పుకుంది. అది కట్టి ఉంటే 37 మైళ్ల పొడవున జలాశయం వచ్చేది. ఖర్చు మీదా, నీటి నాణ్యత మీదా గొడవ ముదిరి, 1975లో న్యూయార్క్, న్యూజెర్సీ, డెలావేర్ రాష్ట్రాలు వద్దన్నాయి. పెన్సిల్వేనియా ఒక్కటే కావాలంది. 1978లో నదిలోని ఆ భాగాన్ని వైల్డ్ అండ్ సీనిక్ రివర్స్ చట్టం కిందికి, అంటే ఎంచుకున్న నదీ భాగాల్ని ఆనకట్టలు లేకుండా పారనిచ్చే చట్టం కిందికి, తెచ్చారు. దాంతో ఆనకట్టకి దారి మూసుకుపోయింది.

మన దగ్గర అడవికి చట్టం ఉంది, పులికి చట్టం ఉంది. పారే నదిని పారనివ్వాలని చెప్పే చట్టం మాత్రం లేదు. కొన్ని నదీ భాగాల్లో ఇక ఎప్పటికీ ఆనకట్ట కట్టకూడదని పార్లమెంటు చట్టం చేయాలని నేనంటాను. మీరేమంటారు?

డెల్టా రైతు

నేను ఒప్పుకోను. 1847లో అలాంటి చట్టం ఉండి ఉంటే ధవళేశ్వరం ఆనకట్ట వచ్చేదా? కాటన్ దొరకి ముందు గోదావరి జిల్లాలు కరువుతో ఎలా అల్లాడాయో మా తాతల నోట విన్నవాళ్లం. పారే నీళ్లు చూడటానికి బాగుంటాయి, కానీ వాటితో కడుపు నిండదు.

ఇంకో మాట. న్యూయార్క్ నగరం తాగే నీళ్లలో సుమారు సగం డెలావేర్ ఉపనదుల మీద కట్టిన మూడు జలాశయాల నుంచే వస్తాయి. అవన్నీ ముందే కట్టేసుకుని, మిగిలినదాన్ని కాపాడుతున్నారు. ఆ కాపాడిన నదికి 2004, 2005, 2006లో వరసగా వరదలొచ్చాయి. ఆనకట్ట ఉంటే నష్టం తగ్గేదని అప్పుడు అన్నవాళ్లు ఉన్నారు.

న్యూజెర్సీ గోదావరోడు

ధవళేశ్వరాన్ని ఎవరూ కాదనడం లేదండి. నేను కూడా ఆ కాలవల కిందే పుట్టాను. ఈ చట్టం నది మొత్తానికి ఒకేసారి వర్తించదు, ఇక్కడి నుంచి ఇక్కడి దాకా అని భాగాలుగా గుర్తిస్తారు. మీరు చెప్పిన మూడు జలాశయాలు ఇప్పటికీ పనిచేస్తున్నాయి, చట్టం వాటి జోలికి పోలేదు. వరదల సంగతికొస్తే, వరద మైదానంలో ఇళ్లు కట్టుకుంటూ పోయి ఎగువన ఆనకట్ట కావాలనడం నాకు న్యాయంగా అనిపించదు.

లా చదువుతున్నా

ఈ చట్టంలోని వర్గీకరణ గురించి చాలామంది పొరబడుతున్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

1968 అక్టోబరు 2న అప్పటి అమెరికా అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసిన ఈ చట్టంలో మూడు తరగతులున్నాయి. వైల్డ్ అంటే కాలిబాటలు తప్ప దారిలేని, దాదాపు ఎవరూ ముట్టని భాగం. సీనిక్ అంటే ఒడ్డు చాలావరకు సహజంగానే ఉండి, అక్కడక్కడా రోడ్డు చేరే భాగం. రిక్రియేషనల్ అంటే రోడ్డు, రైలు పక్కనే ఉండి, ఒడ్డున కొంత నిర్మాణం జరిగిన భాగం. ఇవి నది గొప్పతనానికి వేసిన మార్కులు కావు. గుర్తించే రోజుకి ఒడ్డు ఏ స్థితిలో ఉందో చెబుతాయి, అంతే. ఆనకట్టల విషయంలో మూడింటికీ ఒకటే రక్షణ. సెక్షన్ 7 ప్రకారం ఆ భాగంలో జలవిద్యుత్ ప్రాజెక్టుకి ఫెడరల్ లైసెన్స్ ఇవ్వకూడదు. నదికి నేరుగా హాని చేసే ప్రాజెక్టుకి ఏ ఫెడరల్ శాఖా సాయం చేయకూడదు. తేడా ఒడ్డు దగ్గర వస్తుంది. ఉదాహరణకి వైల్డ్ భాగంలో ఒడ్డు నుంచి పావు మైలు లోపల ఉన్న ఫెడరల్ భూమిలో కొత్త గనులకి చోటు లేదు. మిగతా రెండింటిలో నియమాలతో అనుమతించే వీలుంది.

మన దగ్గర దీనికి కాస్త దగ్గరగా వచ్చింది గంగ ఎగువ పాయ అయిన భాగీరథి. గోముఖ్ నుంచి ఉత్తరకాశీ దాకా 4,179 చదరపు కిలోమీటర్లను 2012 డిసెంబరులో ఎకో సెన్సిటివ్ జోన్‌గా, అంటే పర్యావరణ రీత్యా సున్నితమైన ప్రాంతంగా, ప్రకటించారు. అయితే అది పర్యావరణ పరిరక్షణ చట్టం కింద ఇచ్చిన నోటిఫికేషన్. 2018లో సవరించారు కూడా. పార్లమెంటు ముందు నిలబడి ఓటు గెలవాల్సిన అవసరం లేకుండా మారిపోయే రక్షణ అది. అమెరికాలో ఆ పని చేయాలంటే మళ్లీ కాంగ్రెస్‌కే వెళ్లాలి. మనకి లేనిది ఆ గట్టిదనం.

ముంపు ఊరి బిడ్డ

అందరూ నది గురించే మాట్లాడుతున్నారు, ఒడ్డున ఉన్న మనుషుల మాట ఎవరూ ఎత్తడం లేదు. మా ఊరు ఒక ప్రాజెక్టు కింద పోయింది. ఇచ్చిన ఇల్లు నదికి ఎంత దూరమంటే, మా అమ్మ కార్తీకమాసంలో దీపం వదలడానికి ఆటో మాట్లాడుకోవాలి. అందుకే ఆనకట్ట వద్దనేవాళ్లలో నేనూ ఒకణ్ణి.

కానీ ఆ డెలావేర్ కథ పూర్తిగా చెప్పండి. ఆనకట్ట కోసమని వేలమందిని ఆ లోయ నుంచి ఖాళీ చేయించారు. ఆనకట్ట ఆగిపోయింది. భూములు మాత్రం వాళ్లకి తిరిగి రాలేదు, పార్కులో కలిసిపోయాయి. మునిగినా పోతాం, కాపాడినా పోతాం అంటే మాకు ఈ రెండింట్లో తేడా ఏముంది?

న్యూజెర్సీ గోదావరోడు

మీ బాధ నిజమండి. ఆ లోయలో ఖాళీ చేయించిన పాత ఇళ్లు కొన్ని ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. అవి చూసినవాళ్లెవరూ ఆ అన్యాయాన్ని తేలిగ్గా తీసుకోలేరు. ఒక్క మాట మాత్రం చెప్పాలి. ఆ భూములు తీసుకున్నది ఆనకట్ట పేరుతో, ఆ భాగం నదీ చట్టం కిందికి రాకముందే.

అదే సంవత్సరం, 1978లో, ఎగువ డెలావేర్‌లో 73 మైళ్లు ఈ చట్టం కిందికి వచ్చాయి. అక్కడ భూమి దాదాపు అంతా ప్రైవేటుదే. ప్రభుత్వం లాగేసుకుంటుందని జనం ఏళ్ల తరబడి పోరాడారు, మీటింగులు రచ్చరచ్చ అయ్యాయి. చివరికి 1986 ప్రణాళికలో భూమి యజమానుల దగ్గరే ఉంచారు. స్థానిక టౌన్లు, రాష్ట్రాలు, జాతీయ పార్కుల్ని చూసే ఫెడరల్ శాఖ పార్క్ సర్వీస్ కలిసి కూర్చునే కౌన్సిల్ 1988లో మొదలైంది. మనం చూడాల్సిన నమూనా అదే.

డెల్టా రైతు

సరే, ఊరికే ఆదర్శాలు వద్దు. ఏ నది, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా? అది చెప్పండి, అప్పుడు మాట్లాడదాం. పాపికొండలు అనకండి, పోలవరం నిండితే అక్కడ నది ఉండదు, జలాశయమే.

న్యూజెర్సీ గోదావరోడు

ఛత్తీస్‌గఢ్ బస్తర్‌లో పారే ఇంద్రావతి. చిత్రకోట్ జలపాతం దిగువ నుంచి గోదావరిలో కలిసే దాకా. బోధ్‌ఘాట్ ఆనకట్ట ప్రతిపాదన దశాబ్దాలుగా ఆగుతూ, మళ్లీ లేస్తూ ఉంది. పులుల అభయారణ్యం ఆ నది ఒడ్డునే ఉంది. గోదావరికి వచ్చే పెద్ద ఉపనదుల్లో ఇంకా అంత పొడవున స్వేచ్ఛగా పారుతున్న భాగాలు ఎన్ని మిగిలాయి? డెల్టాకి నీళ్లు ఆగవండి, ఆ నీళ్లు ఎలాగూ కిందికి, మీ ధవళేశ్వరానికే వస్తాయి.

డెల్టా రైతు

ఇంద్రావతి మీద నాకు పేచీ లేదు. కానీ బస్తర్ రైతుకి సాగునీళ్లు ఎలా ఇస్తారో కూడా అదే బిల్లులో రాయాలి. చెరువులో, ఎత్తిపోతలో, ఏదో ఒకటి. అది రాయకుండా నది మాత్రమే కాపాడితే రేపు ఆ రైతే ఆనకట్ట కావాలని రోడ్డెక్కుతాడు.

ముంపు ఊరి బిడ్డ

అమెరికా చట్టంలో రాష్ట్ర గవర్నర్ దరఖాస్తు పెట్టుకునే దారి కూడా ఉందని చదివాను. మన దగ్గర ఆ దరఖాస్తు ఒడ్డున ఉన్న గ్రామసభ పెట్టాలి. గిరిజన ప్రాంతాల గ్రామసభలకి అధికారాలిచ్చే 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం ఉన్నాయిగా, గ్రామసభ మాటకి విలువ ఇవ్వాలని అవే చెబుతున్నాయి. పట్టాలు ముందు తేల్చాలి, తర్వాతే నదికి తరగతి ఇవ్వాలి. ఎవర్నీ కదిలించకూడదని మొదటి సెక్షన్‌లోనే ఉండాలి. అలా రాస్తే మీ బిల్లుకి నేను సంతకం పెడతాను.